టెంకాయ ఎవరి మాట వింది

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై దాటాక. ఏ అక్షరానికి ఒత్తు ఉందో, దేనికి లేదో ఇప్పటికీ తడబడతాను. ఒక వాక్యం రాసి, పైకి చదువుకుని, సరిపోయిందని తోచాకే రెండో వాక్యానికి పోతాను. అందుకే మామిడి పూత మీద మొదలుపెట్టిన ఈ కథ కాయలు మండీకి పోయేదాకా సాగింది. తప్పులు కనిపిస్తే మీరే సరిచేసుకుని చదవండి.

ఇది మునిరామయ్య బోరు కథ. మునిరామయ్య మా ఆయనకు చిన్నాన్న కొడుకు, నాకు మరిది. మా పల్లె వడమాలపేట దాటి పుత్తూరు పోయే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి వెళితే వస్తుంది. అక్కడ అతనికి మామిడి తోపు ఉంది. ముదురు చెట్లు కావు, మూడేళ్ల అంటు మొక్కలు. ఆ వయసులో ఎండాకాలం నీళ్లు అందకపోతే మొక్క నిలవదు. పోయిన ఏడు శివరాత్రికే అతని పాత బోరు నీళ్లకు బదులు గాలి కక్కడం మొదలుపెట్టింది. దాని పక్కన వేసిన రెండు కొత్త బోర్లలో తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

ఒకరోజు పొద్దున అతను మా ఇంటి అరుగు మీద వచ్చి కూర్చున్నాడు.

"ఇంకొక్క బోరు వేస్తా వదినా. ఇదే ఆఖరు. ఇదీ ఎండిపోతే మొక్కలు పీకేసి శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో కాపలా పనికి పోతా. ఆడ చొక్కా, ప్యాంటు, ఈల అన్నీ వాళ్లే ఇస్తారంట."

"ఈల నువ్వేం ఊదతావు, బీడీ ఊదేవాడివి" అన్నాను.

అతను నవ్వలేదు. దాంతో నిజంగానే అంటున్నాడని నాకు అర్థమైంది. ఆ మొక్కలు పెట్టిన రోజున ఒక్కొక్కదానికి పక్కన కూర్చొని మాట్లాడిన మనిషి అతను.

కాసేపటికి ఉన్నట్టుండి అడిగాడు. "మొన్న క్యాంపులో షుగరు సూసేదానికి నీకు రక్తం తీసినారు గదా. ఏం గ్రూపు?"

"ఎర్రగా ఉన్నింది. గ్రూపేందో నాకేం తెలుసు."

"ఆ చీటీ ఇట్ల ఇయ్యి."

చీటీలో ఉన్నది ఇంగ్లీషు. అది నాకు ఇంకా రాదు. అతను చదివి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి నిలబడ్డాడు.

"ఓ పాజిటివ్ వదినా. ఇంట్లో మనిషిని పెట్టుకొని ఊర్లన్నీ తిరిగినా."

మా వైపు ఒక నమ్మకం ఉంది. ఓ పాజిటివ్ రక్తం ఉన్న మనిషి చేతిలో టెంకాయ పెట్టి చేనంతా నడిపిస్తే, అడుగున నీళ్లున్న చోట ఆ టెంకాయ నిట్టనిలువుగా లేస్తుందని. ముందు వేసిన రెండు బోర్లకూ అతను అలాంటి వాళ్లనే పిలిపించాడు. ఒకరు పుత్తూరు మనిషి, ఒకరు నగరి మనిషి.

నాచేత పట్టిస్తానంటే అతని భార్య జ్ఞానాంబ అతన్ని చాటుకు పిలిచి, "అక్క చేతనా?" అన్నది నాకు వినపడింది.

"రక్తానికి బొట్టుతో పనేముండాది మే?" అన్నాడు అతను.

జ్ఞానాంబ మీద నాకు కోపం రాలేదు. మా ఆయన పోయినప్పటినుంచి నేను ఎవరికైనా ఎదురొస్తే వాళ్లు ఆగుతారు. పుత్తూరుకు ఆటో నడిపే గిరి అయితే బండి ఆపి, దిగి, మంచినీళ్లు తాగి, మళ్లీ ఎక్కి పోయేవాడు. నన్ను పలకరిస్తూనే ఆ పని చేసేవాడు. మంచి పిల్లవాడు. పిల్లి ఎదురొచ్చినా అలాగే ఆగుతారు. కాకపోతే పిల్లికి తనను చూసి ఆగారని తెలియదు. నాకు తెలుసు. అదొక్కటే మా ఇద్దరికీ తేడా.

టెంకాయ పట్టడానికి ఒక పద్ధతి ఉంది. చేను గల మనిషి చెప్పులు విప్పి ముందు నడవాలి. టెంకాయ పట్టినవాళ్లు అతని అడుగుల వెంట వెనకాల నడవాలి. ఎవరి నేలను వాళ్లే చూపించాలని పెద్దలు పెట్టిన మర్యాద. దారిలో ఇద్దరూ మాట్లాడకూడదు. టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి, పిలక వేళ్లవైపు ఉండేలా పెట్టుకోవాలి.

మునిరామయ్య ముందు, నేను వెనక. తూరుపు గట్టు నుంచి మొదలుపెట్టాము. టెంకాయ కదల్లేదు. పల్లపు వైపు కానుగ చెట్ల దాకా పోయి తిరిగాము. కదల్లేదు. నా చెయ్యి నొప్పి పుట్టింది. ఇక వదిలేద్దాం అనుకుంటుండగా మోటారు గది దగ్గరికి వచ్చాము. అక్కడ, అరచేతిలో పడుకున్న కోడిపిల్ల తల ఎత్తినట్టు టెంకాయ పిలక ఎత్తింది. చూస్తుండగానే లేచి నిలబడింది.

నేను లేపలేదు. ఈ మాట ఎంత గట్టిగా రాసినా చాలదు. చెయ్యి నాదే, కానీ లేపింది నేను కాదు.

మునిరామయ్య ఆ చోట రాయి పాతి పసుపు పూశాడు. "సూసినావా మే, మళ్లీ ఈడనే" అన్నాడు భార్యతో. "ఎవురు పట్టినా ఈడనే లేస్తా ఉండాది. నీళ్లు ఈడనే ఉండాయి. ముందువి లోతు సాలక పోయినాయి."

జ్ఞానాంబ వంగి నా కాళ్లు ముట్టుకుంది. నా పెళ్లయిన రోజు తరువాత నా కాళ్లు ఎవరైనా ముట్టుకోవడం అదే మొదలు.

ఈ సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు గిరి ఆటో నా ముందు ఆగింది. నేను అలవాటుగా పక్కకు జరగబోయాను.

"అవ్వా, పక్కకు గాదు. రెండడుగులు ఎదురు రా. ఈ పొద్దు బ్రేకు ఇన్‌స్పెక్టరుకు బండి సూపించాల."

వచ్చాను. అతని బండికి కాగితం దొరికింది. ఆ వారమంతా నన్ను దారిలో ఎదురు రమ్మని అడిగినవాళ్లు ఉన్నారు. నాకు సంతోషం కలగలేదని చెప్పను. కలిగింది. కానీ దాని అడుగున ఇంకొకటి మెదిలింది. మొన్నటిదాకా నన్ను చెడ్డ అక్షరంగా చదివారు, ఇప్పుడు మంచి అక్షరంగా చదువుతున్నారు. రెండుసార్లూ అక్షరాన్ని ఏమీ అడగలేదు.

ఆ టెంకాయను నేను ఇంటికి తెచ్చుకున్నాను. కొట్టి పచ్చడి చేయబుద్ధి కాలేదు. గూట్లో పెట్టి, వంట చేసుకుంటూ దానివైపు చూస్తుండేదాన్ని. నీళ్లు ఎక్కడో లోతున ఉంటాయి. మధ్యలో మన్ను, రాయి, మళ్లీ రాయి. అంత కింద ఉన్నది టెంకాయను పిలిచిందా, నా రక్తాన్ని పిలిచిందా? పిలిస్తే నా చెవికి ఎందుకు వినపడలేదు? నాకు చెప్పకుండా నా చేత ఈ పని చేయించింది ఎవరు? నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాననుకున్నాను. నా లోపల ఇంకెవరో కాపురం ఉన్నట్టు అనిపించింది. భయం వేయలేదు. వాళ్లెవరో చూడాలనిపించింది.

మా ఇంట్లో నీళ్లకు ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. ఒకరోజు మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, టెంకాయ అరచేతిలో పెట్టుకుని గదిలో నడిచాను. పొయ్యి దగ్గర ఏమీ లేదు. మంచం దగ్గర ఏమీ లేదు. డ్రమ్ము దగ్గరికి రాగానే టెంకాయ లేచి నిలబడింది. నాలో నేనే నవ్వుకున్నాను. అయితే నిజమే అనుకుని, దాహం వేసి, చెంబు ముంచుదామని మూత తీశాను.

డ్రమ్ములో నీళ్లు లేవు. అడుగున సన్నగా చీలి, రాత్రే అంతా గోడ పక్కనుంచి బయటికి పోయింది. నేను నిండా ఉందనుకున్నాను. టెంకాయ కూడా నిండా ఉందనుకుంది.

ఆ ఖాళీ డ్రమ్ము మీద మూత మళ్లీ పెట్టేశాను. టెంకాయకు నీళ్ల సంగతి తెలియదు. నాకు తెలిసిందే దానికి తెలుసు. నాకు తెలిసింది తప్పయితే దానికీ తప్పే. మరి మోటారు గది దగ్గర నీళ్లున్నాయని నేనెప్పుడూ అనుకోలేదే? అక్కడ నా మనసులో ఏమీ లేదు. అక్కడ అది ఎవరి మాట విని లేచింది?

ఇది ఒక్కదాన్నే తేల్చుకునేది కాదనిపించి అమలను పిలిచాను. అమల మా ఊరి అంగన్‌వాడీ టీచరు. నాకు అక్షరాలు నేర్పింది తనే. ఆదివారం చర్చికి పోతుంది. శకునాలు నమ్మనంటుంది గానీ, కుడికన్ను అదిరిన రోజు తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఎత్తదు.

"ఓ పాజిటివా?" అని అమల నవ్వింది. "అవ్వా, ఈ ఊర్లో శానామంది అదే. నేనూ అదే. నా చేతిలో టెంకాయ చట్నీ అవతాది గానీ, లేచి నిలబడదే."

"నవ్వుదువులే గానీ, నాలుగు చెంబులు పెట్టు. ఒకదాంట్లోనే నీళ్లు పొయ్యి. అన్నిటి మీదా తట్టలు మూసెయ్యి. నేను బయట ఉంటా."

తను పెట్టింది. నేను వచ్చి టెంకాయ పట్టుకుని చెంబుల వెంట నడిచాను. ఒకదాని దగ్గర లేచింది. అమల తట్ట ఎత్తి చూపించింది. నీళ్లు. చెంబులు మార్చి మళ్లీ పెట్టింది. మళ్లీ నీళ్ల దగ్గరే లేచింది. అమల నవ్వడం మానేసి గొంతు దగ్గర సిలువ పట్టుకుంది.

"ఇంగొకసారి" అన్నాను. తను చెంబులు మార్చి పెట్టగానే ఫోను మోగింది. మాట్లాడుతూ వాకిట్లోకి పోయింది. నేను ఆగకుండా నడిచాను. టెంకాయ లేచిన చెంబు మీది తట్ట తీస్తే ఖాళీ. ఇంకోసారి నడిస్తే ఇంకో దాని దగ్గర లేచింది. అదీ ఖాళీ. అమల లోపలికి వచ్చి, మళ్లీ మార్చి పెట్టి, ఎప్పటిలా నిలబడింది. టెంకాయ సరిగ్గా నీళ్ల మీదే లేచింది.

అప్పుడు నాకు మొదటి వాచకం రోజులు గుర్తొచ్చాయి. అమల నా ఎదురుగా కూర్చునేది. నేను మాట కింద వేలు పెట్టి చదివేదాన్ని. తప్పు లేకుండా చదువుతున్నానని తను అందరికీ చెప్పుకుంది. ఒకరోజు వాన జల్లు కొడుతోందని కిటికీ మూయడానికి తను నా వెనక్కి పోయింది. అంతే, నేను ఒక్క మాట చదవలేకపోయాను. నేను చదువుతున్నది పుస్తకాన్ని కాదు, అమల ముఖాన్ని. నేను సరైన మాట దగ్గరికి వస్తుంటే తన పెదవులు కొంచెం విడివడేవి. తప్పు పోతుంటే కనుబొమలు దిగేవి. నేను దొంగాట ఆడలేదు. చదువుతున్నాననే అనుకున్నాను. ఆ తరువాత తను నా వెనక కూర్చొని నేర్పింది, అప్పుడు గానీ చదువు రాలేదు.

ఈ సంగతి చెబితే అమల టెంకాయను తిప్పి చూసింది.

"అంటే ఇది నా మొగం సూస్తా ఉండాదా? నిజమే, దీనికి కండ్లు మూడుండాయి."

"కండ్లు దానికి. సూసేది నేను. నేను సూస్తా ఉండానని నాకే తెలీదు."

అమల టెంకాయను గూట్లో పెట్టింది. తరువాత మెల్లగా, "అవ్వా, మునిరామయ్య మామ చేన్లో ముందర నడిచింది ఎవురు?" అని అడిగింది.

మునిరామయ్యే. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాము. పుత్తూరు మనిషి పట్టినప్పుడూ ముందు నడిచింది అతనే. నగరి మనిషి పట్టినప్పుడూ అతనే. ఎవరు పట్టినా అక్కడే లేచిందంటే నీళ్లు అక్కడున్నాయని అతను నమ్మాడు. పట్టిన చేతులు మారాయి, ముందు నడిచిన మనిషి మారలేదు.

బోరు బండి శుక్రవారం వస్తుంది. ఇది బుధవారం మాట. ఆ సాయంత్రం నేను పోయి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా రాయాలి. ఒకటి, అక్కడ నీళ్లు లేవని నాకేమీ తెలియదు. టెంకాయకు తెలియనంత మాత్రాన నీళ్లు లేకుండా పోవు. రెండు, చెబితే నన్ను మళ్లీ చూసి ఆగుతారు. ఈ రెండోదాన్ని మొదటిదాని చాటున దాచానని పొయ్యి ముందు కూర్చున్నప్పుడు తెలిసింది. గోడ మీద చీమలు గుడ్లు మోసుకుని పైకి పోతున్నాయి. చీమలు అలా పోతే వాన వస్తుందంటాము. చీమ మనకు చెప్పడానికి ఎక్కదు. తన గుడ్లు తడవకుండా ఎక్కుతుంది. మనకోసం రాయనిదాన్ని మనం చదువుకుంటాము, అందుకే అందులో అబద్ధం ఉండదు. నేను లేపిన టెంకాయ అలాంటిది కాదు. అది మునిరామయ్య కోసం లేచింది.

గురువారం పొద్దున తోపుకు పోయాను. భార్యాభర్తలిద్దరూ మొక్కలకు బిందెలతో నీళ్లు పోస్తున్నారు.

"రామయ్యా, మనసులో ఒక మొక్క అనుకో. ఏదో నాకు చెప్పొద్దు. ముందర నడువు" అన్నాను.

"ఇదేం ఆట వదినా, పొద్దున్నే."

"నడువు, చెప్తా."

అతను నడిచాడు. నేను టెంకాయతో వెనక నడిచాను. రెండు వరసలు దాటాక ఒక వంకర మొక్క దగ్గర టెంకాయ లేచింది. మునిరామయ్య అనుకున్నదీ దాన్నే.

"వదినా, నువ్వు ఎవురి దగ్గర నేర్సుకున్నావు ఇది?"

"మంత్రం గాదబ్బా. ఆ మొక్క దగ్గరికి వచ్చేసరికి నీ అడుగు చిన్నదైంది. ఊపిరి బిగబట్టినావు. అది నేను సూసినానని చెయ్యి లేచినాక గానీ నాకే తెలీలా. మోటారు గది కాడా ఇదే జరిగింది. టెంకాయ లేచింది నీళ్లకు గాదు, నీకు."

ఖాళీ డ్రమ్ము సంగతి, చెంబుల సంగతి అన్నీ చెప్పాను. అతను బిందె కింద పెట్టాడు.

"నేనెప్పుడూ ఆడనే పడాలని అనుకోలా వదినా. యాడ పడినా సాలని మొక్కుకున్నా. ఒట్టు."

"నిజమే చెప్తా ఉండావు."

"మరి నేను అనుకోంది నా కాళ్లకు ఎట్ల తెలుస్తాది?"

దానికి జవాబు జ్ఞానాంబ దగ్గర ఉంది.

"మోటారు ఆడనే ఉండాది. కరెంటు పెట్టె ఆడనే. పైపు ఆడికే వేసినావు. ఆడ పడితే ఇంగేమీ తవ్వే పని లేదు. నువ్వు అనుకోకపోతే ఏం, నీ ఒళ్లంతా అదే అనుకుంటా ఉండాది." తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఊర్ల నుంచి వచ్చినోళ్లంతా నీ మొగం సూసి నీకు కావాల్సింది చెప్పిపోయినారు. నేనొక్కదాన్నే నీ మొగం సూసి కూడా పల్లంలో వెయ్యమని చెప్పినా. నా చేతిలో టెంకాయ లేదు, ఎవురు వింటారు?"

మునిరామయ్య పసుపు పూసిన రాయి దగ్గరికి పోయి, చుట్టూ తిరిగి చూశాడు. ఎండిపోయిన రెండు బోర్ల మూతలు దానికి పిలిస్తే పలికే దూరంలో ఉన్నాయి. అతను వాటిని ఆ రోజే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"నువ్వు చెప్పకుండా ఉండుంటే ధైర్యంగా వేసుండేవాణ్ణి" అన్నాడు చివరికి. నా వైపు తిరగకుండానే అన్నాడు. "ఇప్పుడు యాడ వెయ్యాలో నాకు తెలీదు. నా మనసుకు ఏది తోస్తే దాన్నే అనుమానించాల."

నేను టెంకాయ తీసుకుని ఇంటికి వచ్చేశాను. దారిలో గిరి ఆటో ఎదురైంది. అమల నోట అప్పటికే సంగతి అతని చెవిన పడినట్టుంది. బండి నెమ్మది చేశాడు. ఆపలేదు, పోనివ్వలేదు.

"అవ్వా, ఇప్పుడు నువ్వు మంచిదానివా, చెడ్డదానివా? నేను ఆగాల్నా, పోవాల్నా?"

"నీ బ్రేకు బాగుంటే ఎట్లయినా పోవచ్చు నాయనా."

గిరి ఒకసారి బ్రేకు తొక్కి చూశాడు. "బ్రేకు బాగానే ఉండాది" అని పోయాడు.

శుక్రవారం బోరు బండి రాలేదు. వద్దని మునిరామయ్యే ఫోను చేశాడట. జ్ఞానాంబ వచ్చి చెప్పింది, అతను తిరుపతికి పోయి భూగర్భజలాల ఆఫీసులో అడిగి వచ్చాడని, ఒక సారు మిషను తీసుకుని వస్తాడని. "నువ్వూ రా అక్కా. మా ఆయన్ని ఏం చెయ్యాలో చెప్పు."

"ఏం చెయ్యొద్దు. ఆ సారు తిరిగేటప్పుడు రామయ్యను చేన్లోకి రానియ్యొద్దు. ఇంట్లోనే కూచోబెట్టు. సారుకు మోటారు గది సంగతి ఎవురూ ఎత్తొద్దు."

మునిరామయ్యను అతని ఇంట్లోనే కాపలా పెట్టి కూర్చోబెట్టడం జ్ఞానాంబకు ఎంత ఇష్టమైన పనో అంతకుముందు నాకు తెలియదు. తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుందట. అతను తొంగిచూసినప్పుడల్లా, "శ్రీ సిటీలో ఇట్లనే కూచోవాల, ఇప్పుడే నేర్సుకో" అందట.

ఆ సారు కళ్లద్దాల అబ్బాయి. నేలలో ఇనప కడ్డీలు దిగ్గొట్టి, తీగలు లాగి, ఒక పెట్టెకు తగిలించి, అంకెలు రాసుకున్నాడు. కడ్డీలు పీకి ఇంకో చోట దిగ్గొట్టాడు. నేను, అమల గట్టు మీద కూర్చొని చూశాము. నాకు అడక్కుండా ఉండడం చేతకాలేదు.

"నాయనా, ఈ పెట్టె నేలనే అడగతాదా, నిన్ను అడగతాదా?"

అతను వెటకారం అనుకున్నాడేమో, నా ముఖం చూశాడు. కాదని తెలిసి చెప్పాడు. "నేలనే అవ్వా. కరెంటు పంపిస్తే తడి ఉన్న చోట సులువుగా పోతుంది, ఎండు రాయిలో పోదు. కానీ ఆ అంకెలు చూసి ఇక్కడ అని చెప్పేది నేనే. అక్కడ నేను పొరపాటు పడొచ్చు."

"నువ్వు పడింది పొరపాటని నీకెట్ల తెలుస్తాది?"

"బోరు వేశాక తెలుస్తుంది" అని నవ్వాడు. నాకు ఆ అబ్బాయి నచ్చాడు.

అతను సున్నంతో గుర్తు పెట్టింది పల్లపు వైపు, కానుగ చెట్ల దగ్గర. మోటారు గదికి బాగా దూరం. ఉండొచ్చు, ఉండకపోవచ్చు, మిగతా చేనంతటి కంటే ఇక్కడ నయం అన్నాడు. నేను ఆ సున్నం చుట్టూ చూశాను. ఎండలు ముదిరినా అక్కడ గడ్డి పచ్చగానే ఉంది. ఆ గడ్డిని నేను ఎన్ని వేసవుల్లో కోసుకుపోయానో. మొన్న టెంకాయ పట్టుకుని దాని మీదనుంచే నడిచాను, నా చెయ్యి కదల్లేదు. గడ్డి కళ్లకు కనపడుతూనే ఉంది. కానీ అది మనిషి ముఖం కాదు. నా లోపల కాపురమున్న మనిషికి ముఖాలు చదవడమే వచ్చు, గడ్డి చదవడం రాదు. ఇన్నేళ్లు నలుగురి ముఖాలు చూసి, ఆగమంటే ఆగి, జరగమంటే జరిగిన దానికి అదే కదా వస్తుంది అనుకున్నాను.

బోరు బండి సోమవారం వచ్చింది. దాని మోతకు కానుగ చెట్ల మీది గోరింకలన్నీ లేచిపోయాయి. మునిరామయ్య పూజ చేసి, బండి వాళ్లకు సరే అని చెయ్యి ఊపి, బోరుకు వీపు పెట్టి నిలబడ్డాడు. చూడలేనన్నాడు. చూడకుండా ఇంటికీ పోలేకపోయాడు. అందువల్ల అతనికి ఎదురుగా ఉన్నది మేము ముగ్గురమే. జ్ఞానాంబ, అమల, నేను. అతని వెనక బోరు, మా ముందు అతను.

ముందు ఎర్ర మన్ను వచ్చింది. తరువాత తెల్ల దుమ్ము లేచింది, ముందు రెండు బోర్లలో వచ్చినటువంటిదే. కడ్డీ తరువాత కడ్డీ దిగుతోంది. దుమ్ము మా జుట్టు మీద, రెప్పల మీద పేరుకుంది. మునిరామయ్య మమ్మల్ని ఒకరి తరువాత ఒకరిని చూస్తున్నాడు. జ్ఞానాంబ కళ్లు మూసుకుని ఏదో అనుకుంటోంది. అమల దగ్గుతోంది.

చాలాసేపటికి దుమ్ము నల్లబడింది. ఉన్నట్టుండి ఆగింది. గొట్టం నోట బురద ముద్దలు పడ్డాయి. బండి మనిషి ఇంకో మనిషికి ఏదో సైగ చేశాడు. ఇంకా ఏమీ తేలలేదు. బురద చూసి సంబరపడి, ఆ తరువాత ఎండు బోరు చూసినవాళ్లు మా ఊర్లో ఉన్నారు. అతనికి ముందే ఆశ పెట్టకూడదని నేను పెదవులు బిగించి, ముఖం రాయిలా పెట్టుకున్నాను.

మునిరామయ్య చూపు నా దగ్గర ఆగింది. నన్ను అలా చదవడానికి ఎవరూ అంతసేపు చూడలేదు.

"నువ్వు దాస్తా ఉండావంటే పడినట్టే వదినా" అన్నాడు.

ఆ మాట అన్నాకే వెనక్కి తిరిగాడు. అప్పటికి నీళ్లు గొట్టం అంచు దాటి కానుగ చెట్ల వైపు పారుతున్నాయి. పెద్ద నీళ్లేమీ కావు. చుక్క చుక్క పడే పైపులు వేసుకుంటే మొక్కలు నిలబడతాయని బండి వాళ్లు అన్నారు. మునిరామయ్య ఆ బురదలోకి చెప్పులతోనే దిగి, వంగి, దోసిలి పట్టాడు. మోటారు గది నుంచి అక్కడిదాకా ఎంత పైపు వెయ్యాలో జ్ఞానాంబ అప్పుడే అడుగులతో కొలవడం మొదలుపెట్టింది.

గంగులమ్మ
వయసు అరవై ఎనిమిది
ఇప్పుడు ఉంటున్నది వడమాలపేటలో, పాల కేంద్రం వెనక వీధి